డౌట్ అన్నా అనుమానమే, సస్పెక్ట్ అన్నా అనుమానమే... మరి తేడా ఎక్కడ దాక్కుంది?

మా ఆఫీసులో అకౌంట్స్ చూసే కుర్రాడొకడు లండన్‌లో ఉన్న క్లయింటుకి మెయిల్ పెట్టాడు. ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బు పడిందేమోనని వాడి అనుమానం, వాళ్ళు కూడా ఒకసారి చూసుకుంటే మంచిదని వాడి ఉద్దేశం. రాసింది మాత్రం ఇలా: "ఐ డౌట్ దిస్ బిల్ వాజ్ పెయిడ్ ట్వైస్." అరగంటలో జవాబొచ్చింది, చాలా థాంక్స్, ఆ మాట విని మనసు కుదుటపడింది అని. మనవాడికి ఏమీ అర్థం కాలేదు. డబ్బు రెండుసార్లు పోయిందేమో చూసుకోండ్రా అంటే వీళ్ళకి ఇంత సంతోషమేంటి?

వాళ్ళు చదువుకున్నది సరిగ్గా తిరగేసి. "ఈ బిల్లు రెండుసార్లు కట్టారంటే నేను నమ్మను" అని అర్థమైంది వాళ్ళకి. వ్యాకరణం తప్పు లేదు, స్పెల్లింగ్ తప్పు లేదు. డిక్షనరీ తీస్తే డౌట్ పక్కనా అనుమానమే ఉంటుంది, సస్పెక్ట్ పక్కనా అనుమానమే ఉంటుంది. ఇంక ఆ కుర్రాణ్ణి తిట్టి ఏం లాభం?

‘వస్తాడేమో’ అన్న అనుమానం వేరు, ‘వస్తాడా’ అన్న అనుమానం వేరు

ఇంగ్లీషు పక్కన పెట్టి ముందు మన వాక్యాలు రెండు చూద్దాం.

"బావ భోజనానికి వస్తాడేమోనని అనుమానం."
"బావ భోజనానికి వస్తాడా అని అనుమానం."

మొదటి వాక్యం విన్న ఇల్లాలు ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువ పోస్తుంది. రెండోది వింటే పొయ్యదు. రెండింట్లోనూ అనుమానం ఒకటే మాట, కానీ మొదటిదాంట్లో మనసు వస్తాడన్న వైపు మొగ్గింది, రెండోదాంట్లో రాడన్న వైపు. ఆ మొగ్గు ఎటో చెప్పింది అనుమానం కాదు, ముందున్న క్రియకి తగిలించిన తోక. ఒకచోట ‘ఏమో’, ఇంకోచోట ‘ఆ’.

ఇంగ్లీషులో ఇలాంటి తోకలు లేవు. అందుకని ఆ పని క్రియకే అప్పగించారు. ‘ఏమో’ అనిపిస్తే సస్పెక్ట్, ‘ఆ?’ అనిపిస్తే డౌట్. మన కుర్రాడి బుర్రలో ఉన్నది ‘పడిందేమో’, కాగితం మీదికి వచ్చింది ‘పడిందా? ఏమో, నమ్మను’. దగ్గర దగ్గర అర్థాలున్న ఇంగ్లీషు క్రియల దగ్గర మనం తడబడే చోట్లలో సగానికి పైగా ఇదే కథ అని నాకనిపిస్తుంది. తేడా మనకి తెలియక కాదు. మనం దాన్ని ఒక జేబులో పెట్టుకుంటాం, వాళ్ళు ఇంకో జేబులో.

ఆ కుర్రాడి తరఫున ఒక మాట. డౌట్‌ని ‘ఏమో’ అర్థంలో వాడటం ఇంగ్లీషుకి కొత్తేమీ కాదు. షేక్‌స్పియర్ హామ్లెట్‌లో, చనిపోయిన తండ్రి ఆకారం కోట దగ్గర తిరుగుతోందని విన్న రాకుమారుడు "ఐ డౌట్ సమ్ ఫౌల్ ప్లే" అంటాడు. ఏదో మోసం జరిగిందేమో అని దాని అర్థం, మోసం జరిగిందంటే నమ్మను అని కాదు. అదే నాటకంలో అతను రాసిన ప్రేమలేఖలోనైతే డౌట్ కొన్ని పంక్తుల్లోనే అటూ ఇటూ దొర్లుతుంది. స్కాట్లాండ్‌లో ఇప్పటికీ "ఐ డౌట్ ఇట్‌ల్ రెయిన్" అంటే వాన పడేలా ఉందనే. క్లయింటు ఎడిన్‌బరోలో ఉండుంటే మా వాడు బతికిపోయేవాడేమో.

పర్యాయపదాలు అంటాం గానీ, పక్కన ఎవరు కూర్చోవాలో క్రియే చెబుతుంది

పర్యాయపదం అంటే ఒకదాని బదులు ఇంకోటి వాడుకోగలిగిన మాట అని బళ్ళో చెప్పారు. సూర్యుడు, భానుడు లాంటి నామవాచకాలకి అది బాగానే కుదురుతుంది. క్రియ దగ్గరికి వచ్చేసరికి కుదరదు, ఎందుకంటే క్రియ ఒంటరిగా ఉండదు. చేసేవాడొకడు కావాలి, అంటే కర్త. చాలాసార్లు ఆ పని ఎవరి మీదో దేని మీదో పడాలి, అంటే కర్మ. తెలుగులో ఈ సంబంధాలన్నీ ‘ని’, ‘కి’, ‘తో’, ‘మీద’ లాంటి విభక్తులు చూసుకుంటాయి కాబట్టి ఒకే క్రియతో చాలా దూరం వెళ్ళిపోవచ్చు. ఇంగ్లీషులో విభక్తుల పని చాలావరకు మాటల వరస చూసుకుంటుంది. క్రియ వెనకాల ఖాళీ కుర్చీ ఒకటి ఉంటుంది, అందులో ఎవరు కూర్చోవచ్చన్నది ఒక్కో క్రియకి ఒక్కో రకం.

2011 ఏప్రిల్ 2న వాంఖడే స్టేడియంలో ఏమైంది? ఇండియా మ్యాచ్ గెలిచింది, కప్పు గెలిచింది, శ్రీలంక మీద గెలిచింది. మూడు చోట్లా గెలుపే. ఇంగ్లీషులో విన్ వెనకాల కుర్చీలో మ్యాచ్ కూర్చోవచ్చు, కప్పు కూర్చోవచ్చు, శ్రీలంక కూర్చోకూడదు. ఓడినవాళ్ళ పేరు రావాలంటే బీట్ కావాలి. "ఇండియా వన్ శ్రీలంక" అంటే ధోనీ కొట్టిన ఆ ఆఖరి సిక్సుకి శ్రీలంక దేశాన్నే బహుమతిగా ఇచ్చేసినట్టు ఉంటుంది. నిజానికి బీట్‌కి సరిపోయే మాట మనకీ ఉంది, ఓడించడం. కానీ ‘మీద గెలిచింది’ అనేది నోటికి అంత అలవాటైపోయింది.

దొంగతనం కూడా ఇంతే. బ్యాంకుని దోచుకున్నారు అంటాం, నగలు దోచుకున్నారు అనీ అంటాం. రాబ్ వెనకాల సొత్తు పోగొట్టుకున్న మనిషో చోటో ఉండాలి, స్టీల్ వెనకాల పోయిన వస్తువు ఉండాలి. "దే స్టోల్ ది బ్యాంక్" అంటే భవనాన్ని పునాదులతో సహా లారీకి ఎక్కించుకుపోయినట్టు. బారో, లెండ్ జంటలో పుచ్చుకునేవాడికొకటి, ఇచ్చేవాడికొకటి. మనకి రెండూ ‘అప్పు’లోనే ఉన్నాయి, ‘ఇవ్వు’, ‘తీసుకో’ అనేవే ఎవరెటున్నారో చెప్పేస్తాయి.

చెప్పడానికి సే, టెల్. మనకీ ‘అను’ ఉందని మర్చిపోతాం

"హి టోల్డ్ దట్ హి విల్ కమ్." ఇది మన ఊళ్ళల్లో రోజుకి ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కలేదు. దీని వెనకాల ఉన్నది "వస్తానని చెప్పాడు" అన్న నికార్సైన తెలుగు వాక్యం. ఎవరికి చెప్పాడో చెప్పక్కర్లేదు, సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. టెల్‌కి అలా కుదరదు, వినేవాడు కుర్చీలో ఉండాల్సిందే: టోల్డ్ మి, టోల్డ్ హర్, టోల్డ్ ది పోలీస్. సేకి వినేవాడితో పనిలేదు, అన్న మాట ఉంటే చాలు. కావాలంటే వినేవాణ్ణి ‘టు’ అనే పీట వేసి పక్కన కూర్చోబెట్టొచ్చు, సెడ్ టు మి అని. నేరుగా "సెడ్ మి" మాత్రం లేదు.

మన ‘అను’ ఇంచుమించు సే లాంటిదే. "వస్తానన్నాడు" అన్నప్పుడు మన దృష్టంతా వాడి నోట్లోంచి వచ్చిన మాట మీద. "నాకు చెప్పాడు" అన్నప్పుడు ఆ కబురు నాదాకా చేరడం మీద. ఇంగ్లీషువాళ్ళు గీసిన గీత దాదాపు ఇక్కడే పడుతుంది. పైగా ‘అను’ పక్కన విభక్తి మారిస్తే ఏమవుతుందో చూడండి. "నాతో అన్నాడు" అంటే మామూలు మాట. "నన్ను అన్నాడు" అంటే తిట్టాడు. "నన్నేమైనా అంటే ఊరుకోను" అనే మాటని ఇంగ్లీషు నేర్చుకునే పద్ధతిలో తెలుగు నేర్చుకునే విదేశీయుడికి వివరించాలంటే మనకి చెమటలు పడతాయి.

టెల్‌కి వినేవాడు తప్పనిసరి అన్న సూత్రానికి కొన్ని మినహాయింపులున్నాయి. నిజం, అబద్ధం, కథ, జోకు, టైము – వీటిని వినేవాడు లేకుండానే టెల్ చెయ్యొచ్చు. కారణం పూర్తిగా ఇదేనని నేను అనను గానీ, ఒక పాత సంగతి ఉంది. టెల్ అంటే ఒకప్పుడు లెక్కపెట్టడం అనే అర్థం కూడా ఉండేది. బ్యాంకులో టెల్లర్ అంటే చెప్పేవాడు కాదు, నోట్లు లెక్కపెట్టేవాడు. మనం రోజూ చూసే ఏటీఎంలో ‘టీ’ ఆ టెల్లరే. ఇంకో అర్థం మనకీ ఉంది: కవలల్లో ఎవరు ఎవరో "చెప్పలేం" అంటాం చూశారా, అక్కడ వాళ్ళూ టెల్ అనే అంటారు, సే అనరు.

స్పీక్, టాక్ సంగతి ఇంత గందరగోళం కాదు. భాష పేరు వస్తే స్పీక్ (తెలుగు స్పీక్ చేస్తారు), ఇద్దరు కూర్చుని కబుర్లాడితే టాక్, కొంచెం గట్టి విషయమైతే మళ్ళీ స్పీక్. చాలా చోట్ల ఏది వాడినా నడుస్తుంది.

ఈ కుర్చీల సంగతి డిక్షనరీలోకి ఎక్కించినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఎ.ఎస్. హార్న్‌బీ. ఇంగ్లండువాడే గానీ జపాన్‌లో పాఠాలు చెప్పాడు. ఇంగ్లీషు పరాయి భాషగా నేర్చుకునేవాళ్ళకి మాట అర్థం ఒక్కటే ఇస్తే సరిపోదని, ఆ మాట చుట్టూ వాక్యం ఎలా కడతారో కూడా ఇవ్వాలని అక్కడ అతనికి బాగా తెలిసొచ్చింది. ఇద్దరు సహచరులతో కలిసి తయారుచేసిన డిక్షనరీ 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో దాన్ని ఆక్స్‌ఫర్డ్ వేసింది. క్రియలు కూర్చునే తీరుని 25 నమూనాలుగా విడదీశాడు. మన చేతుల్లో ఎక్కువగా తిరిగే ఇంగ్లీషు–తెలుగు జేబు నిఘంటువుల్లో ఇలాంటిదేమీ ఉండదు. సే: చెప్పు. టెల్: చెప్పు. అంతే.

పాలు చూడు, పాలలోకి చూడు, పాలు కనిపించాయా

సీ, లుక్, వాచ్ మూడింటికీ మనం ‘చూడు’ అని రాసుకుంటాం. వంటింట్లోకి వెళ్తే మూడూ విడిపోతాయి. పొయ్యి మీద పాలు పెట్టి అమ్మ పెరట్లోకి వెళ్తూ "పాలు చూస్తుండు" అంటుంది. పొంగిపోకుండా అక్కడే నిలబడమని. అది వాచ్. మారబోయేదాని మీద, కదిలేదాని మీద కాసేపు కన్నేసి ఉంచడం. అందుకే క్రికెట్ వాచ్ చేస్తారు, పిల్లాణ్ణి వాచ్ చేస్తారు, గోడని ఎవరూ వాచ్ చెయ్యరు. "ఇదిగో పాలలోకి చూడు, ఏదో పడింది" అంటే లుక్, కళ్ళు అటు తిప్పు అని. ఆ పడినదేదో మన కంటికి అందితే సీ. అంటే మన ‘కనిపించు’.

"కిటికీలోంచి చూశాను, ఎవరూ కనిపించలేదు." ఈ వాక్యంలో చూశాను లుక్, కనిపించలేదు సీ. తెలుగులో గమ్మత్తు ఏంటంటే ‘కనిపించు’ వచ్చేసరికి నేను కర్త పీటలోంచి దిగిపోతాను. నాకు కనిపించింది, అంటే నా ప్రమేయం లేకుండా వచ్చి కంట్లో పడింది. ఇంగ్లీషు ‘నేను’ దిగదు, ఐ సా అనే అంటుంది, క్రియని మార్చి ఊరుకుంటుంది.

హియర్, లిజన్ కూడా ఇంతే. నెట్ సరిగ్గా లేని రోజు వీడియో కాల్‌లో "హలో, వినిపిస్తోందా?" అని ఎన్నిసార్లు అరుస్తామో కదా. అది హియర్. క్లాసులో వెనక బెంచీ వైపు చూసి మాస్టారు "వింటున్నావా?" అంటే అది లిజన్, దాని వెనకాల సుద్దముక్క కూడా రావచ్చు. ఇదే వీడియో కాల్‌లో మనవాళ్ళు "ఐ యామ్ సీయింగ్ యు" అంటుంటారు, "కనిపిస్తున్నావు"లో ఉన్న ‘తున్నా’ని అలాగే దింపేసి. చేసే పనికి ‘ఇంగ్’ పెడతారు గానీ దానంతటది జరిగే చూపుకి మామూలుగా పెట్టరు, "ఐ కెన్ సీ యు" అంటారు. ‘ఇంగ్’ పెట్టారంటే అది చాలాసార్లు ప్రేమ వ్యవహారం అవుతుంది. పెళ్ళిచూపుల కాల్‌లో జాగ్రత్త.

ఒక్క చోట మాత్రం గీత పలచబడిపోయింది. థియేటర్లో అయితే సినిమా సీ, టీవీలో అయితే వాచ్ అని పాత పుస్తకాలు చెప్పేవి. ఫోన్లో చూసే రోజులొచ్చాక దాన్ని పట్టుకుని కూర్చునేవాళ్ళు తగ్గారు.

ఇంగ్లీషు బీదగా ఉండే చోట్లు

ఇదంతా చదివి ఇంగ్లీషు చాలా సూక్ష్మమైన భాష, మనది ముతక అనుకునేవాళ్ళుంటారు. వాళ్ళ కోసం సాంబారు. సాంబారు వాసన చూశాను, సాంబారు వాసన వస్తోంది. ఒకటి నేను పనిగట్టుకుని చేసింది, ఇంకోటి దానంతటది వచ్చి ముక్కుకి తగిలింది. చూపుకి మూడు, వినికిడికి రెండు క్రియలున్న ఇంగ్లీషుకి ముక్కు దగ్గర మామూలుగా ఒక్క స్మెలే గతి. అదీగాక "ది సాంబార్ స్మెల్స్" అని ఊరుకుంటే కంపు కొడుతోందని అర్థం.

బట్టల దగ్గరికి రండి. చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, బొట్టు పెట్టుకుంటాం, గాజులు వేసుకుంటాం. వాళ్ళకి అన్నిటికీ వేర్. బట్టలు ఉతుకుతాం, పళ్ళెం కడుగుతాం, అంట్లు తోముతాం; వాళ్ళకి అన్నిటికీ వాష్. "చొక్కా కట్టుకున్నాడు" అంటే నాలుగేళ్ళ పిల్ల కూడా నవ్వుతుంది. ఎందుకు తప్పు అని అడిగితే ఆ పిల్లే కాదు, మనలో చాలామందిమీ ఠక్కున చెప్పలేం. చుట్టి ముడివేసేది కట్టుకోవడం, చేతులో కాళ్ళో దూర్చేది తొడుక్కోవడం అని కాస్త ఆలోచిస్తే తడుతుంది. "టోల్డ్ దట్" ఎందుకు తప్పు అంటే ఇంగ్లీషువాడి పరిస్థితీ ఇదే.

అర్థం ఒకటే, మర్యాద వేరు

ఇప్పటిదాకా చూసినవి కుర్చీల తేడాలు. ఇంకో రకం జంటల్లో అర్థమూ ఒకటే, కుర్చీలూ ఇంచుమించు ఒకటే, మారేది పెద్దరికం. బిగిన్, కమెన్స్. ఆస్క్, ఇంక్వైర్. 1066లో నార్మన్లు ఇంగ్లండుని ఆక్రమించాక కోర్టుల్లో, దొరల ఇళ్ళల్లో కొన్ని తరాలపాటు ఫ్రెంచి నడిచింది. బిగిన్, ఆస్క్ పాత ఇంగ్లీషు మాటలు. కమెన్స్, ఇంక్వైర్ ఫ్రెంచి దారిలో వచ్చినవి, వాటికి ఇప్పటికీ కోటు, టై ఊడలేదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి మనకంటే వీలైనవాళ్ళు లేరు. మొదలుపెట్టు, ప్రారంభించు. అడుగు, ప్రశ్నించు. అచ్చ తెలుగు ఇంట్లో, సంస్కృతం వేదిక మీద. మంత్రిగారు వంతెన ప్రారంభిస్తారు, మనం వంట మొదలుపెడతాం. స్టార్ట్ ఇంకో దారిలో పోతుంది, యంత్రాలన్నీ దానివే. కారుని స్టార్ట్ చేస్తారు గానీ బిగిన్ చెయ్యరు. తెలుగులోనూ బండి స్టార్ట్ చేశాను అనే అంటాం. "బండిని ప్రారంభించాను" అంటే రిబ్బను కత్తిరించావా అని అడుగుతారు.

చావు దగ్గర ఈ మర్యాదలు మరీ ఎక్కువ. చనిపోయారు, కాలం చేశారు, పరమపదించారు అని మనకి మెట్లున్నట్టే డై, పాస్ అవే అని వాళ్ళకీ ఉన్నాయి. మన దగ్గర మర్యాదకి "ఎక్స్‌పైర్ అయ్యారు" అంటాం. అది పాత ఇంగ్లీషు పుస్తకాల్లో గౌరవమైన మాటే, మనం దాచుకున్నాం. ఇవాళ లండన్‌లో వింటే పాల ప్యాకెట్టూ పాస్‌పోర్టూ గుర్తొస్తాయి. మర్యాద కోసం అన్న మాట అక్కడ మొరటుగా తగలొచ్చు.

తప్పా, మన ఇంగ్లీషా?

ఇక్కడ పండితులు రెండు వర్గాలుగా విడిపోయారు. కాశ్మీర్‌లో పుట్టి అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన బ్రజ్ కచ్రూ వాదన ఏంటంటే, ఇంగ్లీషు ఏ నేలకి పోతే ఆ నేల నీళ్ళు తాగుతుంది, ఇండియాలో కోట్లమంది ఒకేలా వాడేదాన్ని లండన్ కొలబద్దతో తప్పు అనడానికి ఎవరికీ హక్కు లేదు. లండన్‌లో పేరుమోసిన వ్యాకరణవేత్త రాండాల్ఫ్ క్వర్క్ దీనికి ఒప్పుకోలేదు. నేర్చుకునేవాడి పొరపాట్లకి ‘మీ దేశపు ఇంగ్లీషు’ అని గౌరవంగా పేరు పెడితే నష్టపోయేది నేర్చుకునేవాడేనని, వాడు కోరుకుంటున్నది ఎక్కడైనా చెల్లే ఇంగ్లీషని ఆయన మాట. 1990ల మొదట్లో ఇద్దరూ పత్రికాముఖంగా తలపడ్డారు.

ఈ గొడవ మనకి ఎక్కడో విన్నట్టే ఉంటుంది. జనం నోట్లో ఉన్నదే భాష అని గిడుగు రామమూర్తి వాదిస్తుంటే, భాష చెడిపోతుందని గ్రాంథికవాదులు అడ్డుపడ్డారు. గిడుగు గెలిచాడు, ఈ వ్యాసం ఈ భాషలో ఉండటమే సాక్ష్యం. అలాగని కచ్రూ పక్షం పూర్తిగా గెలిచిందనలేం, ఎందుకంటే గిడుగు కాలంలో తెలుగు రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ ఇక్కడివాళ్ళే. మా కుర్రాడి మెయిల్ చదివేవాడు లండన్‌లో ఉన్నాడు.

నా మట్టుకు నాకు, రెండు రకాల ‘తప్పుల్ని’ ఒకే గంపలో వెయ్యడం నచ్చదు. "డిస్కస్ అబౌట్" ఉంది. డిస్కస్‌లోనే ‘గురించి’ కలిసి ఉంది, మళ్ళీ అబౌట్ అక్కర్లేదు, నిజమే. కానీ టాక్ అబౌట్ ఉంది, డిస్కషన్ అబౌట్ ఉంది, వాటి పక్కన ఇదీ వచ్చి చేరింది. దానివల్ల ఎవరికీ ఏ మాటా తప్పుగా చేరలేదు. పరీక్షలో మార్కు పోతుంది, అది పరీక్ష గోల. "హి టోల్డ్ దట్" కూడా అంతే, అందరికీ అర్థమవుతుంది. డౌట్ సంగతి అలా కాదు, రివర్ట్ సంగతి కూడా. మెయిల్ చివర "ప్లీజ్ రివర్ట్" అంటే మనకి జవాబివ్వండి అని. కంప్యూటర్ మనుషులకి, మన దేశం దాటినవాళ్ళకి చాలామందికి అది ‘మళ్ళీ పాత స్థితికి తెచ్చెయ్యండి’. ఫైలు మార్పులు పంపి కింద ఆ మాట రాస్తే చేసిన పనంతా వెనక్కి పోయే ప్రమాదం లేకపోలేదు. క్వర్క్ మాట ఇలాంటి చోట్ల నాకు సబబుగా తోస్తుంది, మిగతా చోట్ల కచ్రూ మాటే.

మా ఆఫీసు సంగతికొస్తే, రెండో మెయిల్‌లో డౌట్ తీసేసి సస్పెక్ట్ పెట్టాం, వాళ్ళు చూసుకున్నారు, నిజంగానే రెండుసార్లు పడింది. ఆ లెక్క శుక్రవారంలోగా సర్దేస్తారా అని మావాడే మళ్ళీ అడిగాడు. అటునుంచి మూడే ముక్కల జవాబు: "ఐ డౌట్ ఇట్." కుర్రాడు నా సీటు దగ్గరికి వచ్చాడు.

"సార్, వాళ్ళకేదో డౌట్ ఉందంట. ఏంటో అడగమంటారా?"